మిల్లు మాట

ఆ మైకు పక్కనెట్టీ బాబూ, నాకక్కర్నేదు.
పంతొమ్మిదేల్లు నెల్లిమర్ల జూటుమిల్లులో
మిసన్ల రొద మీదెక్కి మాటాడినదాన్ని.

నా పేరు దాలమ్మ.
తొమ్మిదేల్లు ఈ పేరెట్టి నన్నెవులూ పిలవనేదు.
సభలో నాను ‘విధేయ’ని.
పేరు మార్సిన్రోజు తెల్లసీరిచ్చి, కొబ్బరిముక్క నోట్లో పెట్టి,
పాతపేరు కాయితమ్మీద రాసి కాల్సీమన్నారు.
అప్పుడు నాకు రాత రాదు.
పెద్దయ్యే రాసేడు, పెద్దయ్యే అంటించేడు.
అందులో ఏటి రాసేడో
దీపానికి తెలవాల, ఆడికి తెలవాల.

అబద్దం ఆడను.
మొదట్లో బాగా సూసేరు.
మిల్లు గేటుకి తాళమేసీసేరు, మా మావ దగ్గుతో పోనాడు,
ఇంట్లో సడీ సప్పుడూ నేక
సెవులు గింగుర్లెత్తిపోతున్న రోజులవి.
జొరమొస్తే ముగ్గురాడోల్లొచ్చి కాల్లొత్తేరు.
గంజి కాసి, నంజుకోమని ఓ ఉల్లిపాయ పక్కనెట్టేరు.
ఆ ఉల్లిపాయకే అమ్ముడుపోనాను నాను,
దేవుడిక్కాదు.

ఆ తరవాత లచ్చివారం లచ్చివారం తప్పుల పుస్తకం.
వారమంతా మనసులో ఏటనుకున్నావో సెప్పాల,
ఓ గుంట రాసుకుంటాది,
పెద్దయ్య అందరి ముందరా సదువుతాడు.
తప్పు సెయ్యని వారం నాను తప్పులు నేసేదాన్ని,
గోనెగుడ్డ నేసినట్టే, గజాలకి గజాలు.

మా సెల్లి పారమ్మ గుర్లలో పోతే
‘బయటోల్ల సావు నీకు మైల’ అన్నారు.
ఎల్లనేదు.
ఈ తప్పు ఆ పుస్తకంలో లేదు.
దీన్ని నానే మోస్తాను, ఎవులూ సెయ్యెయ్యకండి.

మిల్లులో మాట ఇనబడదు కదా,
పెదాలు సూసి తెలుసుకుంటాం.
మూడు మిసన్ల అవతల్నించి ‘కూరేటే?’ అంటే
‘సింతసిగురూ ఎండునెత్తల్లూ’ అని జవాబు.
పెద్దయ్యకి ఈ ఇద్దె తెల్దు.
ఓ సాయంత్రం బజన గట్టిగా సాగుతుంటే
కేసియరు సెవిలో ఏదో ఊదుతున్నాడు.
నాను ఆవలి గోడకాడ.
సదివీసేను, అచ్చరమ్ముక్క రానిదాన్ని:
‘దీనికాడ ఇంకేటీ నేదు. వంటలోకి తోసీ.’

ఆ రాత్రే చంపావతి ఇసకలో నడిసొచ్చీసేను.
సెప్పుల్లేవు.
తెల్లసీర ఒంటిమీదే ఉంది, ఉన్నది అదొకటే మరి.

సానా నెల్లు
దేనికీ దణ్ణం ఎట్టనేకపోయేను.
సేతులు లేపితే పెద్దయ్యే అడ్డమొచ్చీవోడు.
గుడిగంటిన్నా ఆడి గొంతే,
పక్కింట్లో పసిగుడ్డుకి జోల పాడినా ఆడి గొంతే.

మొన్న ఎండల్లో మిల్లు మల్లీ తీసేరు.
గేటు బయట టీబడ్డీకాడ నిలబడ్డాను.
నేల అదిరింది, అరికాల్లోంచి పంటిదాకా.
నా పెదాలు వాటంతటవే కదిలేయి:
‘తల్లీ, ఈ పోగు తెగకండా సూడు.’
బాబిను మార్సినప్పుడల్లా అనుకునే పాత మాటే,
ఆ రొదలో ఎవులికీ ఇనబడనిది,
ఏ పుస్తకంలోకీ ఎక్కనిది.
ఏ తల్లని అడక్కండి.
ఓపాలి అడిగినోల్లకి సెప్పి తొమ్మిదేల్లు పోగొట్టుకున్నాను.
టీ సల్లారిపోనాది. అయినా తాగీసేను.

‘దేవుడి మాటలు బజార్లో పెడతావేటే’ అంతన్నారు కొందరు.
బజార్లో పెట్టింది నాను కాదు బాబూ,
నాను రేటు సెప్తన్నాను, అంతే.

సివరి బెంచీలో ఇద్దరు తెల్లసీరలోల్లు కూకున్నారు.
ఎవులొచ్చేరో రాసుకురమ్మని పంపుంటారు.
రాసుకోండమ్మా.
దకి దీర్గం, ల, మకి మావొత్తు.
ఇప్పుడు నాకూ ఒచ్చు.

పెద్దావిడ తల దించీసింది.
సిన్నదాని పెదాలు కదిలేయి,
గొంతు లేకండా, ఓ పేరు.
సభ ఇచ్చిన పేరు కాదు.

నాను సదివీసేను.
ఇక్కడ సెప్పను.
అది దాని నోట్తోనే రావాల.